బేతంచెర్ల గవులు: నాపరాయి దాచిపెట్టిన జంతులోకం

రాయలసీమలో గుహను గవి అంటారు. గుంతకల్లు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్గంలో, ఎర్రమల కొండల మధ్య ఉన్న బేతంచెర్ల పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఇంటి నేలకు పరిచే నాపరాయే తప్ప గవి కాదు. అయినా ఈ చిన్న పట్టణం పేరు నూట ఎనభై ఏళ్లుగా శాస్త్ర గ్రంథాల్లో కనిపిస్తూ వస్తున్నదంటే, దానికి కారణం ఊరికి కొద్ది దూరంలోని బిల్లసర్గం గుహలు. ఊరికి బతుకుతెరువు చూపిన రాయి, నీరు గుహలుగా తొలిచిన రాయి, ఆ గుహల్లో ఎముకలను చెడిపోకుండా కాపాడిన రాయి ఒక్కటే కావడం వల్ల, నాపరాయి కథను, గవుల కథను విడదీసి చెప్పడం నా దృష్టిలో సరైన పద్ధతి కాదు.

ఈ రాయి వెన్నెముక గల జీవి ఏదీ ఇంకా పుట్టని కాలంలో, లోతు తక్కువైన సముద్రం అడుగున, పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని నార్జి సున్నపురాయి అంటారు. దీనితోపాటు కర్నూలు సముదాయంలో చేరిన ఇతర శిలలకు బనగానపల్లె, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అనే మన ఊళ్ల పేర్లే పెట్టారు. పొరలు సమతలంగా ఉండడం వల్లనే గనిలో ఈ రాయి పలకలు పలకలుగా లేస్తుంది. అయితే పొరలను నిలువునా చీల్చే పగుళ్లు కూడా ఇందులో ఉంటాయి. వాన నీరు గాలిలోనూ, ముఖ్యంగా మట్టిలోనూ ఉండే బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, ఆ పగుళ్ల వెంట దిగుతూ, సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించుకొని పోతుంది. వెంట్రుకవాసి చీలిక అలా వేల, లక్షల ఏళ్లలో మనిషి నడిచే సొరంగమవుతుంది. ఇదే ఎర్రమల ప్రాంతంలోని బెలుం గుహలు కూడా ఇలా నీరు తొలిచిన మార్గాలే.

బిల్లసర్గంలో ఈ పని మరొక దశకు చేరింది. ఒకప్పటి పెద్ద గుహల పైకప్పులు కూలిపోగా, నిటారు గోడలున్న లోతైన కందకాల వంటి మూడు లోయలు ఏర్పడ్డాయి. కూలకుండా మిగిలిన కప్పు ఒకచోట సహజ తోరణంలా నిలిచింది. ఈ లోయల గోడల్లోకే అసలు గుహలు తెరుచుకుంటాయి.

1844లో మద్రాసు సైన్యానికి చెందిన కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల అడుగున గట్టిపడిన మట్టిలో ఎముకలు ఉన్నాయని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ తరువాత నాలుగు దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ ఈ గుహలను తవ్వించమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను కోరడంతో, 1884లో ఆ బాధ్యత భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దక్కింది. 1863లో మద్రాసు శివారు పల్లావరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి భారతదేశ ప్రాక్‌చరిత్రకు దారి తీసినది ఆయనే. బిల్లసర్గంలో తవ్వకాన్ని తండ్రి ప్రారంభించగా, కుమారుడు హెన్రీ 1885 వరకు కొనసాగించాడు. గుహలకు వారు కేథడ్రల్, చార్నెల్ హౌస్, పర్గేటరీ వంటి పేర్లు పెట్టారు. శవాల ఎముకలు దాచే గది అనే అర్థం వచ్చే చార్నెల్ హౌస్ పేరు ఆ గుహకు తగినదే, ఎందుకంటే అక్కడ ఎముకలు అంతగా దొరికాయి.

వాటిని పరిశీలించిన శిలాజ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ లైడెకర్ 1886లో ప్రకటించిన జాబితాను నేను చదివిన ప్రతిసారీ ఆశ్చర్యపోతాను. ఇవాళ అస్సాం తడి గడ్డిమైదానాల్లో మాత్రమే ఊహించుకునే ఖడ్గమృగం ఈ ఎండకొండల్లో తిరిగింది. ఆ ఎముకలకు లైడెకర్ రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టడంతో ఈ ప్రాంతం అప్పుడున్న కర్నూలు జిల్లా పేరు జీవశాస్త్రంలోకి ఎక్కింది. ఖడ్గమృగం ఉన్నదంటే దానికి సరిపడే నీరు, పచ్చిక కూడా ఉన్నట్టే. ఆయన గుర్తించిన వాటిలో కొన్ని ఆఫ్రికా జంతువులకు దగ్గరగా ఉన్నవి కూడా ఉన్నాయి.

ఇన్ని ఎముకలు గుహలోకి ఎలా చేరాయి? కొన్నిటిని వరద నీరు మట్టితో కలిపి ఈడ్చుకొచ్చింది. కొన్ని జంతువులు అక్కడే చచ్చాయి. ముళ్లపంది ఎండిన ఎముకలను గుహలోకి మోసుకొచ్చి కొరుకుతుంది. ఆగకుండా పెరిగే పళ్లు అరగడానికీ, ఒంటికి ఖనిజాలు అందడానికీ అది చేసే పని అది. గుడ్లగూబ మింగిన ఎలుకల, బల్లుల ఎముకలను ఉండలుగా కక్కుతుంది. పెద్ద జంతువుల కంటే ఈ చిన్న ఎముకలే ఒక్కోసారి ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే ఎలుక జాతి మారితే చుట్టూ ఉన్న గడ్డి, పొద, తేమ మారినట్టు లెక్క. ఆరుబయట, ముఖ్యంగా ఆమ్ల గుణం గల నేలల్లో, వర్షాలకు ఎముక కరిగిపోతుంది. గుహలో సున్నం నిండిన మట్టి ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది కనుక ఎముక నిలుస్తుంది. మన దేశంలో ఇటువంటి భద్రస్థలాలు చాలా తక్కువ.

ఫుట్ తండ్రీకొడుకులు మనుషులు చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయని రాశారు. ఈ మాటకు గట్టి ఆధారం రావడానికి చాలా కాలం పట్టింది. 1970లలో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వినప్పుడు రాతి పనిముట్ల కంటే ఎముక పనిముట్లే ఎక్కువగా బయటపడ్డాయి. అదే గవిలో ఒక పొయ్యి కూడా దొరికింది. కాలిన మట్టిలో పోగుపడిన శక్తి వేడిచేసినప్పుడు వెలుగుగా వచ్చే ధర్మం ఆధారంగా లెక్కిస్తే, ఆ పొయ్యి వయసు సుమారు 17,000 ఏళ్లని తేలింది. గవి అడుగున నిప్పు రాజేసుకొని, వేటాడిన జంతువు ఎముకనే కూర్చొని సూదిగా చెక్కుకున్న కుటుంబాన్ని ఊహించుకోవడానికి ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

ఈ ప్రాంతం ప్రాముఖ్యాన్ని ప్రపంచమంతా మరోసారి గుర్తించింది 2007లో. బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కింద సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నట్టు పురావస్తు శాస్త్రజ్ఞులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు ప్రకటించారు. అంతటి విస్ఫోటనాన్ని దాటి జంతువులు మిగిలాయా అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ బిల్లసర్గంలోనే దొరికింది. అక్కడి పొరలను కొత్త పద్ధతులతో పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, రెండు లక్షల ఏళ్ల కాలంలో అక్కడ గుర్తించిన క్షీరదాల్లో దాదాపు అన్నీ నేటికీ ఉపఖండంలో బతికే ఉన్నాయి. కనుమరుగైనది ఒక్కటే, ఇప్పుడు ఇథియోపియా ఎత్తైన పీఠభూముల్లో మాత్రమే గడ్డి మేస్తూ కనిపించే గెలాడా కోతికి దగ్గరి జాతి. ఇతర ఖండాల్లో భారీ జంతువులు మూకుమ్మడిగా అంతరించిన కాలంలో కూడా ఇక్కడ ఏనుగు నుంచి కణుజు దాకా నిలిచిన ఈ దేశపు జంతుజాలానికి ఇంత సుదీర్ఘమైన, కొనసాగే చరిత్ర చూపే గుహలు మన దగ్గర ఉన్నాయన్నది ప్రతి బడిపిల్లకూ తెలియవలసిన విషయం.

నాపరాయి గనులు ఈ ఊరికి కూడు పెడుతున్నాయి, అవి ఆగాలని నేను అనను. అయితే పలక లేపుతుండగా పగులులో ఎర్రమట్టి నిండిన బొరియ కనబడితే గని వాళ్లకు అది పనికిరాని చెత్త, తవ్వి అవతల పోయవలసిన మట్టి. ఆ మట్టిలోనే ఎలుక పన్ను ఉండవచ్చు, ముళ్లపంది కొరికిన ఎముక ఉండవచ్చు. దాన్ని ఎత్తిపోసే ముందు తెలిసినవారు ఒక్కసారి వచ్చి జల్లెడ పట్టి చూసే ఏర్పాటు ఉంటే చాలు.