బకెట్ ఎత్తొద్దన్న మాట ఎక్కడిది?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆమె నీళ్ల బకెట్ మీద చేయి వేస్తే చాలు, ఎవరో ఒకరు పరుగున వచ్చి అందుకుంటారు. "నువ్వు కూర్చోమ్మా, మేం లేమా?" అంటారు. ప్రేమతోనే అంటారు. ఏడాది గడిచినా ఆ బకెట్ ఆమె చేతికి తిరిగి రాదు. నా ఒళ్లు నా మాట వింటుందన్న ధైర్యమూ తిరిగి రాదు.

ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేసేవారు. గ్రంథులు పోతే లింఫ్ అనే ద్రవం కదలక చేయి వాచేది. అదే లింఫెడిమా. ఒకసారి మొదలైతే పూర్తిగా తగ్గడం కష్టం. అందుకే ఆ చేత్తో బరువులెత్తొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు అని చెబుతూ వచ్చారు. పరీక్షించి తేల్చిన సంగతి కాదది, భయంతో పెట్టుకున్న నియమం. ఆపరేషన్లు చిన్నవయ్యాయి గానీ నియమం అలాగే ఉండిపోయింది.

విశ్రాంతే మందు అన్న నమ్మకాన్ని ముందుగా కదిలించినవాళ్లలో నర్సులున్నారు. 1980ల్లో ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో మెరిల్ విన్నింగ్‌హామ్, మేరీ మెక్‌వికార్ కీమో తీసుకుంటున్న స్త్రీల చేత వారానికి 3 సార్లు, 10 వారాల పాటు వ్యాయామ సైకిల్ తొక్కించారు. నీరసించిపోతారనుకున్నవాళ్లకు ఓపిక పెరిగింది, వికారం తగ్గింది.

కెనడాలోని వాంకూవర్‌లో డాక్టర్ డాన్ మెకెంజీ 1996లో ఇంకాస్త సాహసం చేశారు. రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ 24 మందిని డ్రాగన్ బోట్ అనే పొడవాటి పందెం పడవ ఎక్కించారు. ముందు డప్పు, వెనక చుక్కాని, మధ్యలో ఇద్దరిద్దరుగా 20 మంది ఒకే దరువుకి తెడ్లు వేయాలి. ఏ చేతిని వాడొద్దన్నారో ఆ చేతికే పని. ఎవరికీ కొత్తగా వాపు రాలేదు, ఉన్నవాళ్లకు పెరగలేదు. 24 మందే కదా, రుజువు అనలేం. కానీ ఆ స్త్రీలు తెడ్డు వదల్లేదు. ఇవాళ ఎన్నో దేశాల్లో ఇలాంటి జట్లున్నాయి. పందెం ముగిశాక పడవలన్నీ దగ్గరికి చేర్చి, పక్క పడవ వాళ్ల చేతులు పట్టుకుని, పోయినవాళ్ల కోసం గులాబీ రంగు పూలు నీళ్లలో వదులుతారు. అక్కడ ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు, పక్కన కూర్చున్నామెకు అన్నీ తెలుసు.

గట్టి రుజువు 2009లో వచ్చింది. అమెరికా పరిశోధకురాలు క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చేయి వాచిన 141 మందిని తీసుకుని, వాళ్లలో సగం మంది చేత ఏడాది పాటు బరువులెత్తించింది. బిగుతు స్లీవ్ తొడిగించి, కొద్ది బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. వాపు ముదరలేదు సరికదా, ఉన్నట్టుండి ఎక్కువవడం బరువులెత్తినవాళ్లలోనే తక్కువ.

మరుసటి ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు క్యాన్సర్ వచ్చినవాళ్లు కదలకుండా ఉండిపోవద్దన్నారు. 2019లో మోతాదూ చెప్పారు. టెన్షన్, దిగులు, నీరసం తగ్గాలంటే చురుకైన నడకలాంటిది 30 నిమిషాలు, వారానికి 3 సార్లు, 12 వారాల పాటు. దిగులుకు బరువులొక్కటే చాలవన్నారు.

క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, చేయి వాచినవాళ్లు డాక్టర్‌నో ఫిజియోథెరపిస్టునో అడిగాకే మొదలుపెట్టాలి. మన దగ్గర డిశ్చార్జ్ కాగితంలో మందులుంటాయి, మళ్లీ చెకప్‌కి రావాల్సిన తేదీ ఉంటుంది. నడక, చేయి వ్యాయామాలు అందులో లేకపోతే అడిగి రాయించుకోండి. బకెట్ సంగతీ అడగండి, ఎన్ని వారాలకు సగం నింపి ఎత్తొచ్చో.