మరుగున పడిన సినిమాలు: ఆపరేటరు గది నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నం హాళ్లలో ఇరవై రెండేళ్లు ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశాను. రీళ్ల డబ్బాల బదులు హార్డ్ డిస్కులు రావడం మొదలయ్యాక ఆ ఉద్యోగం మానుకొని, నెలకొక ఆదివారం ద్వారకానగర్‌లోని ఒక చిన్న గదిలో ముప్పై నలభై మందికి పాత తెలుగు సినిమాలు, అందులోనూ ఎక్కువమంది చూడనివి, వేసి చూపిస్తున్నాను. ఆట అయ్యాక టీ తాగుతూ వారు అనే మాటల్లో కొన్ని ఎన్నేళ్లయినా మారడం లేదు. వాటికి అక్కడికక్కడ చెప్పే సమాధానాలనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: పెద్ద తారలు లేని సినిమాలే మరుగున పడతాయి.

వాస్తవం: 'చివరకు మిగిలేది' (1960)లో సావిత్రి ఉన్నారు. 'బంగారు పాప' (1955)లో ఎస్.వి. రంగారావు ఉన్నారు, పైగా దాని దర్శకుడు 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి. 'సుడిగుండాలు' (1968) సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కినేని నాగేశ్వరరావు, ఆదుర్తి సుబ్బారావు ప్రయోజనాత్మకమైన సినిమాలు తీయాలనే ఉద్దేశంతో తామే నిర్మాతలై తీసిన సినిమా అది. కనబడకుండా పోవడానికి కారణం తారల్లో కాదు, ప్రింట్లలో, అంటే హాళ్లకు పంపే సినిమా ప్రతుల్లో ఉంది. పౌరాణికాలకూ, బాగా ఆడిన సినిమాలకూ మళ్లీ మళ్లీ గిరాకీ ఉండేది కనుక వాటికి కొత్త ప్రింట్లు తీయించేవారు. మిగిలినవాటికి ఉన్న ఒకటి రెండు ప్రింట్లే ఊరూరా తిరిగి, గీతలు పడి, అంచు రంధ్రాలు చిరిగి, అతుకుల బొంతలై మూలపడేవి. అరిగిపోయిన ప్రింటును ఏ హాలూ తీసుకోదు. ఒక తరం చూడకపోతే తర్వాతి తరానికి పేరు కూడా తెలియదు.

అపోహ: 'చివరకు మిగిలేది' బుచ్చిబాబు నవలకు తెరరూపం.

వాస్తవం: కాదు. పేరొక్కటే కలిసింది. జి. రామినీడు దర్శకత్వంలో వచ్చిన ఈ సినిమాకు మూలం 1959 నాటి బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్'. నవల చదివి దాని నాయకుడు దయానిధి కోసం వచ్చినవారు మొదటి అరగంట అయోమయంగా కూర్చోవడం నేను కళ్లారా చూశాను.

అపోహ: కథ తెలిసిపోయాక రెండోసారి చూడడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: ఈ మాట నాతో అంటే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆపరేటరుకు మళ్లీ చూడడమే ఉద్యోగం. రోజుకు నాలుగు ఆటల చొప్పున వారానికి ఇరవై ఎనిమిదిసార్లు ఒకే సినిమాను, అరచేయంత అద్దం కిటికీలోంచి, మిషను చప్పుడులో సగం మాటలు వినబడకుండా చూసినవాణ్ణి. మూడో రోజుకే విసుగు పుట్టించిన సినిమాలు ఎన్నో ఉన్నాయి. ఇరవయ్యోసారి కూడా కిటికీ దగ్గరికి లాక్కొచ్చినవి చాలా తక్కువ, అవి బాగా ఆడినవే కావాలన్న నియమమూ లేదు.

మళ్లీ 'చివరకు మిగిలేది'కే వస్తాను. మతి చెదిరిన రోగిని బాగుచేయడానికి ప్రేమను నటించవలసిన నర్సు పాత్ర సావిత్రిది. ఆ నటనలో నిజం కలిసిపోయి, చివరకు ఆమే రోగిగా అదే ఆసుపత్రిలో చేరుతుంది. మొదటిసారి చూసినప్పుడు మన కళ్లు రోగి మీదే ఉంటాయి, అతను కోలుకుంటాడా లేదా అన్నదే మన బెంగ. ముగింపు తెలిసి రెండోసారి చూసినప్పుడు అతను ఎలా ఉన్నా మనకు పట్టదు, ఆమె నవ్విన ప్రతిసారీ అది ఉద్యోగంలో భాగమా, మనసులోంచి వచ్చిందా అని వెతుకుతూ కూర్చుంటాం. మొదటిసారి చూసింది రోగి కథ, రెండోసారి చూసేది నర్సు కథ. మన ఊళ్లోనే, చాలావరకు ఆ పేటవారితోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018)కూ ఇదే వర్తిస్తుంది. మా సభ్యుల్లో ఒకాయన, కంచరపాలెం మనిషే, మొదటిసారి తమ వీధులు ఎక్కడెక్కడ కనబడ్డాయో చూసుకోవడంతోనే సరిపోయిందని, నాలుగు ప్రేమకథలను రెండోసారే సరిగ్గా చూశానని చెప్పారు. చివర తెలిసే సంగతి తెలిసి చూస్తే ఆ నాలుగింటి వరుస వేరే అర్థం ఇస్తుంది. చూడనివారి కోసం అంతకు మించి చెప్పను.

అపోహ: అవార్డు సినిమా అంటే నత్తనడక, పాటలుండవు.

వాస్తవం: గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979)లో గద్దర్ గొంతెత్తి పాడిన 'బండెనక బండి కట్టి' వినని తెలుగువారు అరుదు, ఆ సినిమా చూసినవారు మాత్రం పాట విన్నవారికన్నా బాగా తక్కువ. బి. నర్సింగరావు 'దాసి' (1988) నెమ్మదిగానే నడుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ సినిమాకు కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్, ఇద్దరికీ, నటి అర్చనకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. రెండోసారి చూసేటప్పుడు మాటల కోసం ఎదురుచూడడం మాని, గడీ (దొర భవంతి) గోడలనూ, గుమ్మాలనూ, వాటి మధ్య ఆ దాసి నిలబడే చోటునూ గమనించండి. తొందర దానంతట అదే తగ్గుతుంది.

అపోహ: నేను చూశాను, నాకు నచ్చలేదు.

వాస్తవం: మీరు చూసింది మొత్తం సినిమాయేనా? ఇది నా నేరాంగీకారం అనుకోండి. నేను పనిచేసిన ఒక హాల్లో, జనం పలచగా ఉన్న సెకండ్ షోను త్వరగా ముగించడానికి ఒక రీలు ఎత్తేయమని పైనుంచి చెప్పేవారు. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు. అది లేకుండానే తర్వాతి రీలు ఎక్కించేవాణ్ణి, కథలో ఒక మనిషి ఉన్నట్టుండి మాయమయ్యేవాడు. ఒక రాత్రి ఒక పెద్దాయన మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఆ తమ్ముడు ఏమయ్యాడు బాబూ?" అని అడిగారు. ఏదో సర్దిచెప్పి పంపాను. ఆయన దృష్టిలో అది అతుకు కుదరని కథ, చేతకాని దర్శకుడు. ఆ మాట ఆయన ఎంతమందితో అని ఉంటారో!

ఇప్పుడు రీళ్లు లేవు గానీ అన్యాయం ఆగలేదు. పాత సినిమా బొమ్మ దాదాపు చతురస్రం, అడ్డం 1.37 అయితే నిలువు 1. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) సినిమా 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో గానీ రాలేదు. ఆ పాత బొమ్మను వెడల్పు టీవీలో నిండుగా సాగదీస్తే ముఖాలన్నీ ఉబ్బిపోతాయి, అసలే నిండైన విగ్రహం కలిగిన ఎస్.వి. రంగారావు గుమ్మంలో పట్టరు. సాగదీయకుండా పైనా కిందా కోస్తే నుదుళ్లు, పాదాలు పోతాయి. రిమోట్‌లో బొమ్మ కొలతను 4:3కు మార్చితే రెండు వైపులా నల్ల పట్టీలు వస్తాయి. అలాగే ఉంచండి, అప్పుడు కనబడేదే ఛాయాగ్రాహకుడు పట్టిన చట్రం.

అపోహ: నెట్‌లో అన్నీ ఉన్నాయి.

వాస్తవం: అన్నీ లేవు. ఉన్నవాటిలోనూ చాలావరకు టీవీ నుంచి పట్టినవే. పాత సినిమాలను భద్రపరచడానికి 1964లో పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడేసరికే తెలుగు టాకీకి (మాటల సినిమాకు) ముప్పై ఏళ్లు దాటాయి. అందుకే మా గదిలో ఏ సినిమా వేసినా ముందు దాని నిడివి చూసి, పాత పాటల పుస్తకంలోని పాటలన్నీ ఉన్నాయో లేదో సరిచూస్తాను. పాట తగ్గితే ఆ సంగతి ఆట మొదలయ్యే ముందే చెబుతాను, ఆ తమ్ముడు ఏమయ్యాడని మళ్లీ ఎవరూ అడగకుండా.