ప్రోగ్రామింగ్ బుర్ర పుట్టుకతో రావాలా? అపోహలు - వాస్తవాలు

"నాకు ప్రోగ్రామింగ్ వచ్చే బుర్ర ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" కొత్తగా నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఈ ప్రశ్న సాధారణంగా మొదట్లోనే వస్తుంది, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపుల దగ్గరో, ఒక పనికి పేరు పెట్టి కావాల్సినప్పుడు పిలిచే ఫంక్షన్ల దగ్గరో ఆగిపోయినప్పుడు, పక్కవాళ్లు గబగబా రాసేస్తున్నట్టు కనిపించినప్పుడు. ఆ టెన్షన్‌లో తమకు తామే "లేదు" అని తేల్చేసుకుని మానేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: కొందరికి పుట్టుకతో వస్తుంది, మిగతావాళ్లకు ఎంత చెప్పినా రాదు.

వాస్తవం: ఈ మాటను నిరూపించడానికి గట్టి ప్రయత్నాలే జరిగాయి. 2006లో ఇంగ్లండ్‌లోని మిడిల్‌సెక్స్ యూనివర్సిటీకి చెందిన సయీద్ దెహ్నాది, రిచర్డ్ బోర్నాట్ ఒక పేపర్ బయటపెట్టారు. ఇంకా కోర్సు మొదలుపెట్టని విద్యార్థులకు చిన్న పరీక్ష పెడితే చాలు, ఎవరికి వస్తుందో ఎవరికి రాదో ముందే చెప్పేయొచ్చని వాళ్ల వాదన. ప్రశ్నలు ఎలా ఉండేవంటే, ఎ విలువ 10, బి విలువ 20, ఆ తర్వాత "ఎ = బి" అని రాస్తే ఇప్పుడు ఏది ఎంత? ఈ పేపర్ విపరీతంగా ప్రచారమైంది. కానీ ఆ వాదనకు తగిన ఆధారం లేదని 2014లో బోర్నాటే దాన్ని బహిరంగంగా ఉపసంహరించుకున్నారు. పేపర్ గురించి విన్నవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమందే తగిలారు.

క్లాసు రెండు ముక్కలుగా, వచ్చినవాళ్లు రానివాళ్లుగా, చీలిపోతుందని కూడా అంటుంటారు. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఒక పెద్ద యూనివర్సిటీలో 778 తరగతుల కంప్యూటర్ సైన్స్ మార్కులను పరిశీలిస్తే, అలా చీలినట్టు లెక్కల్లో తేలినవి 5.8 శాతమే.

మరి మనకెందుకు అలా అనిపిస్తుంది? ఈ సబ్జెక్టులో ప్రతి పాఠం ముందు పాఠం మీద నిలబడుతుంది. వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) అంటే ఏమిటో సరిగ్గా పట్టుబడకపోతే లూపు అర్థం కాదు, లూపు అర్థం కాకపోతే లిస్టులు (వరుసగా పెట్టుకున్న విలువలు) అర్థం కావు, అలా ఒక చిన్న వెలితి నెల తిరిగేసరికి పెద్దదైపోయి "నాకు బుర్ర లేదు" అన్నట్టు కనిపిస్తుంది. పైగా ముందే ఎక్కడో కొంత నేర్చుకుని వచ్చినవాళ్లు అదే క్లాసులో ఉంటారు, వాళ్ల అనుభవాన్ని మనం ప్రతిభ అనుకుంటాం. అందరూ ఒకే వేగంతో నేర్చుకుంటారని నేననను, తేడాలుంటాయి. కానీ మొదటి నెలలో కనిపించే తేడాను బట్టి ఎవరి విషయమూ తేల్చలేం.

అపోహ: లెక్కల్లో వీక్ అయితే ఇటు రాకూడదు.

వాస్తవం: గ్రాఫిక్స్, మెషీన్ లెర్నింగ్ లాంటి చోట్ల గణితం బాగా కావాలి. మిగతా చాలా పనులకు అంత అవసరం లేదు. 2020లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నవాళ్లను గమనిస్తే, అంకెల్లో నైపుణ్యం కన్నా మనుషులు మాట్లాడే కొత్త భాషలు నేర్చుకునే సామర్థ్యమే వాళ్ల ప్రగతిని ఎక్కువగా సూచించింది. చిన్న అధ్యయనమే, అయినా నాకు ఆశ్చర్యం కలగలేదు. "మొత్తం = మొత్తం + 1" అన్న లైన్ చూసి, అదెలా సమానమవుతుందని ఆగిపోయేది చాలాసార్లు లెక్కలు బాగా వచ్చినవాళ్లే. అక్కడ సమానం గుర్తు ఒక ఆజ్ఞ, కుడివైపు లెక్కకట్టి ఎడమవైపు పేరులో పెట్టమని చెప్పడం. ఒకసారి చెబితే సరిపోతుంది.

అపోహ: చిన్నప్పుడే మొదలుపెట్టి ఉండాలి.

వాస్తవం: 1906లో పుట్టిన అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టింది 1944లో, హార్వర్డ్ మార్క్ 1 అనే తొలితరం కంప్యూటర్ మీద. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. గణితంలో పీహెచ్‌డీ ఉన్న మనిషే, నిజమే, కానీ ప్రోగ్రామింగ్ మాత్రం ఆ వయసులోనే నేర్చుకున్నారు.

అపోహ: కోడ్ రాయలేకపోతున్నానంటే నాకు రాదన్నమాట.

వాస్తవం: చాలామందికి అడ్డుపడేది రాయడం కాదు, చదవడం. 2004లో పరిశోధకుడు రేమండ్ లిస్టర్, ఆయన సహచరులు ఏడు దేశాల విద్యార్థులకు చిన్న చిన్న కోడ్ ముక్కలిచ్చి, ఇది నడిస్తే ఏమొస్తుందో చెప్పమంటే చాలామంది తడబడ్డారు. చదివి చెప్పలేని కోడ్‌ను ఖాళీ స్క్రీన్ మీద ఎలా రాస్తారు? అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు మొదట ఇదే పని చెబుతాను: పది లైన్ల ప్రోగ్రాం తీసుకోండి, ఒక్కో లైన్ తర్వాత ఏ వేరియబుల్‌లో ఎంత ఉందో కాగితం మీద రాయండి, ఆ తర్వాతే రన్ చేసి సరిచూసుకోండి. రోజూ కొన్ని, కొన్ని వారాలపాటు. తప్పులు వస్తాయి, రానివ్వండి. మీరు చూడాల్సింది ఆ తప్పులు తగ్గుతున్నాయా, ఎక్కడ తప్పానో మీకే దొరుకుతోందా అన్నది. దొరుకుతుంటే వస్తున్నట్టే.

ఇన్ని వారాలు చేశాక కూడా, ఎందుకు తప్పిందో తెలుసుకోవాలనే అనిపించకపోతే, అప్పుడు వేరే పని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. అది ఇష్టానికి సంబంధించిన సంగతి, బుర్రకు కాదు. ఇష్టం ఉండి ఎక్కడో ఆగిపోతుంటే మాత్రం "నాకు రావట్లేదు" అని అడక్కండి, ఏ లైన్ దగ్గర మీ లెక్కా కంప్యూటర్ లెక్కా వేరయ్యాయో రాసి అడగండి, దానికి ఎవరైనా జవాబు చెప్పగలరు.