షేర్డ్ ఫోల్డర్ కనపడుతుంది, లోపలికి పోనీయదు

తిరుపతి బైరాగిపట్టెడ రూముల్లో ఉంటూ విండోస్ ల్యాప్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో ఉబుంటు నడుపుకుంటూ లినక్స్ నేర్చుకునే పిల్లలు, విండోస్‌కీ ఉబుంటుకీ ఉమ్మడిగా పెట్టుకున్న షేర్డ్ ఫోల్డర్ గురించి అడిగే మొదటి ప్రశ్న ఇంచుమించు ఇదే: "అన్నా, ఫోల్డర్ కనపడతా ఉంది గానీ లోపలికి పోనీయలేదు."

కనపడటం నిజమే. గెస్ట్ అడిషన్స్ (ఉబుంటులో వేసుకునే వర్చువల్‌బాక్స్ సహాయక ప్రోగ్రాములు) ఉండి, ఆటోమౌంట్ (ఫోల్డర్‌ను దానంతట అదే తగిలించడం) టిక్ పెట్టి ఉంటే, మీడియా డైరెక్టరీలో 'ఎస్ఎఫ్ అండర్‌స్కోర్'తో మొదలయ్యే పేరుతో వచ్చి కూర్చుంటుంది. లోపలికి వెళ్లే కమాండ్ సీడీ కొడితే మాత్రం 'పర్మిషన్ డినైడ్'. టెన్షన్‌లో వెంటనే ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే కమాండ్) తగిలిస్తారు, అప్పుడు 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది, ఎందుకంటే సీడీ విడిగా ఉండే ప్రోగ్రామ్ కాదు, మనం కమాండ్లు కొట్టే షెల్ లోపలే ఉంటుంది, సుడోకి అది దొరకదు.

ఫోల్డర్ ఎవరిదో, ఎవరికి అనుమతి ఉందో చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూస్తే విషయం బయటపడుతుంది. ఓనర్ రూట్ (అడ్మిన్ యూజర్), గ్రూపు వీబాక్స్ఎస్ఎఫ్, మిగతా అందరికీ మూడు గీతలు. అంటే ఆ గ్రూపులో లేనివాడికి తలుపు మూసేసినట్టే. పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కొట్టి లాభం లేదు, ఈ పర్మిషన్లు మౌంట్ చేసేటప్పుడే పెట్టినవి, అవతల విండోస్ డిస్కులో లినక్స్ పర్మిషన్లే ఉండవు. చేయాల్సింది యూజర్‌మాడ్‌తో మన పేరును ఆ గ్రూపులో కలపడం, అదీ చిన్న ఏ, పెద్ద జీ రెండూ (-aG) పెట్టి. చిన్న ఏ మరిచిపోతే పాత గ్రూపులన్నీ పోతాయి, వాటిలో అడ్మిన్ అధికారమిచ్చే సుడో గ్రూపు కూడా ఉంటుంది, ఆ తర్వాత తిప్పలే.

అయినా వెంటనే తెరుచుకోదు. మన గ్రూపులేవో లినక్స్ లాగిన్ అప్పుడే రాసుకుంటుంది, అక్కడి నుంచి పుట్టే ప్రతి ప్రాసెస్ ఆ జాబితానే మోసుకు తిరుగుతుంది. తిరుపతి శ్రీనివాసం కాంప్లెక్స్‌లో దర్శనం టోకెన్ చేతికొచ్చాక ఆఫీసు రికార్డులో ఏం మార్చినా టోకెన్ మీద టైం మారదు కదా, అంతే. లాగౌట్ అయి మళ్లీ రండి, గ్రూప్స్ అని కొట్టి చూడండి.

ఇంతకీ ఆ ఫోల్డర్ ఉబుంటులోకి కాపీ అవ్వదు. ఫైల్ తెరవమని అడిగితే గెస్ట్‌లోని (అంటే ఉబుంటులోని) డ్రైవర్ ఆ మాటను వర్చువల్‌బాక్స్‌కి అందిస్తుంది, అసలు ఫైల్‌ను తెరిచేది విండోస్ వైపే. ఈ డ్రైవర్ 2020లో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6 నుంచి కెర్నల్‌లోనే ఉంది. వర్చువల్‌బాక్స్ లాంటివే అయిన వీఎమ్‌వేర్‌లో ఇదే పనికి హెచ్‌జీఎఫ్ఎస్, కేవీఎంలో వర్టియోఎఫ్ఎస్ ఉన్నాయి.

మధ్యలో మనిషిని పెట్టి నడిపించే వ్యవహారం కాబట్టి కొన్ని పనులు కుదరవు. సింబాలిక్ లింకులు (వేరే ఫైల్‌కు దారి చూపే షార్ట్‌కట్‌ల్లాంటివి) మామూలుగా చేయనివ్వదు (భద్రత కోసం కావాలనే ఆపారు), అందుకే ఆ లింకులు వాడుకునే పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లాంటివి అక్కడ మొరాయిస్తాయి. విండోస్‌లో ఫైల్ సేవ్ చేసినా ఉబుంటులోని డెవలప్‌మెంట్ సర్వర్‌కు కబురు రాదు, పేజీ తనంతట తాను రీలోడ్ కాదు. కోడ్‌ను హోమ్ డైరెక్టరీలోనే పెట్టుకుని, షేర్డ్ ఫోల్డర్‌ను ల్యాబ్ రికార్డులు, పీడీఎఫ్‌లు అటూఇటూ మార్చుకోవడానికి వాడుకోవడమే నాకు నచ్చిన పద్ధతి.