క్యూబానా 455 కేసు: అమెరికా అప్పగించని మనిషి

విమానంలో బాంబు అనగానే మనకు 1985 నాటి ఎయిరిండియా కనిష్క గుర్తొస్తుంది. 329 మంది పోయారు. దానికి తొమ్మిదేళ్ల ముందు కరీబియన్ సముద్రం మీద అలాంటి దారుణమే ఇంకొకటి జరిగింది, దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. 1976 అక్టోబర్ 6న క్యూబానా ఎయిర్‌లైన్స్ 455 విమానం బార్బడోస్‌లో లేచిన పదకొండు నిమిషాలకే పేలింది. అందులో ఉన్న 73 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. ఉగ్రవాదం మీద అమెరికా, దాని మిత్రదేశాలు చెప్పే మాటలు ఎంతవరకు నమ్మాలి అని ఎవరైనా అడిగితే నేను ఈ కేసే చూడమంటాను, ఎందుకంటే ఇందులో ముఖ్యమైన సంగతులు చాలావరకు అమెరికా సొంత ఫైళ్లలోంచే బయటికొచ్చాయి.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చూద్దాం. గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో బయల్దేరి ట్రినిడాడ్, బార్బడోస్, జమైకా మీదుగా హవానా వెళ్లాల్సిన విమానం అది. క్యూబా ఫెన్సింగ్ జట్టు, అంటే కత్తిసాము పోటీలు ఆడే కుర్రాళ్లూ అమ్మాయిలూ, కరాకస్‌లో జరిగిన ప్రాంతీయ పోటీల్లో బంగారు పతకాలన్నీ ఊడ్చుకుని ఇంటికి పోతున్నారు. ఆ జట్టు వాళ్లే 24 మంది. మొత్తం మీద క్యూబన్లు 57 మంది, ఉత్తర కొరియా వాళ్లు ఐదుగురు, గయానా వాళ్లు 11 మంది. ఆ గయానా వాళ్లలో క్యూబాలో డాక్టర్ చదువుకి వెళ్తున్న విద్యార్థులున్నారు, ఒకప్పుడు ఇండియా నుంచి చెరకు తోటల్లో కూలికి పోయినవాళ్ల వారసులున్నారు, తొమ్మిదేళ్ల పాప ఒకతి ఉంది. మొదటి పేలుడు తర్వాత పైలట్ కంట్రోల్ టవర్‌కు చెప్పిన మాటలు రికార్డయ్యాయి: విమానంలో పేలుడు జరిగింది, మంటలు లేచాయి, వెంటనే దిగాలి. వెనక్కి తిప్పి విమానాశ్రయానికి చేరాలని చూశాడు గానీ రెండో పేలుడుతో ఆ అవకాశం కూడా లేకపోయింది. ఒడ్డుకు దగ్గర్లోనే సముద్రంలో పడింది.

బాంబులు పెట్టినవాళ్లు ఇద్దరు వెనిజులా వాళ్లు, ఫ్రెడ్డీ లూగో, హెర్నాన్ రికార్డో. ట్రినిడాడ్‌లో ఎక్కి, బార్బడోస్‌లో దిగిపోయి, అదే రోజు ట్రినిడాడ్‌కి తిరిగొచ్చి అక్కడ పోలీసులకు దొరికారు. రికార్డో కరాకస్‌కు ఫోన్ చేసి పంపిన సంకేతం కూడా తర్వాత తెలిసింది: కుక్కలతో నిండిన బస్సు లోయలో పడింది, అన్నీ చచ్చాయి, అని. పదహారేళ్లూ పద్దెనిమిదేళ్లూ ఉన్న క్రీడాకారుల గురించి అన్న మాట అది. ఆ ఇద్దరూ పనిచేసేది కరాకస్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీ కోసం, దాని యజమాని లూయిస్ పోసాడా కార్రిలెస్.

ఈ పోసాడా ఎవరో తెలిస్తేనే అసలు కథ అర్థమవుతుంది. 1928లో క్యూబాలో పుట్టాడు, ఫిడెల్ కాస్ట్రో అధికారంలోకి వచ్చాక దేశం వదిలి వెళ్లాడు. 1961లో అమెరికా క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి చేయించి ఓడిపోయాక క్యూబా ప్రవాసులను చాలామందిని తన సైన్యంలో చేర్చుకుని తర్ఫీదు ఇచ్చింది, పోసాడాకు అమెరికా సైనిక స్థావరం ఫోర్ట్ బెన్నింగ్‌లో ఆ శిక్షణ దొరికింది. 1965 నుంచి సీఐఏ జీతం తీసుకున్నాడు. తర్వాత వెనిజులా వెళ్లి అక్కడి గూఢచారి సంస్థలో పెద్ద హోదాలో పనిచేశాడు. సీఐఏతో అతని సంబంధం 1976 జూన్ దాకా, అంటే పేలుడుకి నాలుగు నెలల ముందు వరకు నడిచినట్టు ఆ సంస్థ కాగితాలే చెబుతున్నాయి.

ఇతనొక్కడే తయారై వచ్చిన మనిషి కాదు. 1961 చివర్లో మొదలైన ఆపరేషన్ మంగూస్ కింద క్యూబాలో ఫ్యాక్టరీలు, చక్కెర మిల్లులు, వంతెనల మీద విధ్వంసానికి ప్రవాసులను పంపడం అమెరికా ప్రభుత్వ విధానం, అధ్యక్షుడి స్థాయిలో ఒప్పుకున్న విధానం. క్యూబా ప్రవాసులు ఎక్కువగా ఉండే అమెరికా నగరం మయామీలో సీఐఏ పెట్టిన కార్యాలయం ఆ రోజుల్లో ఆ సంస్థకు ప్రపంచంలోనే అతి పెద్ద కేంద్రాల్లో ఒకటి. 1962 మార్చిలో అమెరికా సైన్యాధిపతులు సంతకం పెట్టిన ఆపరేషన్ నార్త్‌వుడ్స్ పత్రం ఇంకా భయంకరం: మయామీలో తామే ఉగ్రవాద దాడులు చేయించి ఆ నింద క్యూబా మీద వేద్దాం, శరణార్థుల పడవను ముంచుదాం లేదా మునిగినట్టు చూపిద్దాం, దాన్ని సాకుగా పెట్టుకుని యుద్ధానికి పోదాం అని అందులో రాశారు. అధ్యక్షుడు కెనడీ ఒప్పుకోలేదు కాబట్టి అది ఆగింది. కానీ పేలుడు పదార్థాలు వాడడం నేర్చుకున్న ఒక తరం మాత్రం మయామీలో అలాగే మిగిలిపోయింది, వాళ్లకు జీతాలు ఆగినా పని ఆగలేదు.

1976లో ఆ తరం వాళ్లు డొమినికన్ రిపబ్లిక్‌లో కలిసి కోరూ అనే కూటమి పెట్టుకున్నారు. దాని నాయకుడు ఓర్లాండో బోష్, పిల్లల డాక్టరు. 1968లో మయామీ రేవులో పోలండ్ నౌక మీద బజూకా పేల్చి అమెరికా జైల్లోనే ఉండి వచ్చినవాడు. 1976 సెప్టెంబర్ 21న వాషింగ్టన్ నడిబొడ్డున, రాయబార కార్యాలయాల వీధిలో, చిలీ మాజీ మంత్రి ఓర్లాండో లెటెలియేర్ కారు కింద బాంబు పేలింది. ఆయనతో పాటు ఇరవై ఐదేళ్ల అమెరికన్ సహోద్యోగిని కూడా చనిపోయింది. చేయించింది చిలీ నియంత పినోచెట్ గూఢచారి సంస్థ, సాయపడింది ఈ ప్రవాస క్యూబన్లలోని కొందరు. సరిగ్గా పదిహేను రోజులకు క్యూబానా 455.

ముందే తెలుసా? ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం. 1976 జూన్‌లోనే, బోష్ మనుషులు క్యూబా విమానం పేల్చాలని చూస్తున్నారని సీఐఏకు నివేదిక అందింది. పేలుడైన వారం రోజులకు రాసిన ఇంకో నివేదికలో, కొన్ని రోజుల ముందు కరాకస్‌లో పోసాడా ‘మేం క్యూబా విమానాన్ని కొట్టబోతున్నాం, వివరాలు ఓర్లాండో (బోష్) దగ్గరున్నాయి’ అన్నట్టు ఉంది. కరాకస్‌లోని ఎఫ్‌బీఐ అధికారికి రికార్డోతో పరిచయం ఉంది, అతని మీద అనుమానం ఉండి కూడా పేలుడుకు ఐదు రోజుల ముందు అమెరికా వీసా ఇప్పించాడు. క్యూబాను హెచ్చరించినట్టు మాత్రం బయటికొచ్చిన పత్రాల్లో ఎక్కడా కనిపించదు. అప్పుడు సీఐఏ డైరెక్టర్ జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వెనిజులాలో కేసు ఏళ్ల తరబడి సాగింది. లూగో, రికార్డోలకు 20 ఏళ్ల శిక్ష పడింది, 1993లో విడుదలయ్యారు. బోష్‌ను నిర్దోషి అన్నారు. పోసాడాను మొదట సైనిక కోర్టు వదిలేసింది, ఆ తీర్పు రద్దయి సివిల్ కోర్టులో మళ్లీ విచారణ నడుస్తుండగా, తీర్పు రాకముందే, 1985 ఆగస్టులో చర్చి ఫాదర్ వేషంలో జైలు నుంచి తప్పించుకున్నాడు. ఎక్కడికి పోయాడు? ఎల్ సాల్వడార్‌లోని ఇలోపాంగో వైమానిక స్థావరానికి. నికరాగ్వా ప్రభుత్వాన్ని కూల్చడానికి అమెరికా పోషించిన కాంట్రా తిరుగుబాటుదారులకు రహస్యంగా ఆయుధాలు చేరవేసే పని అక్కడ నడుస్తోంది, అదే తర్వాత ఇరాన్-కాంట్రా కుంభకోణంగా బయటపడింది. 73 మందిని చంపించిన కేసులో జైలు నుంచి పారిపోయిన ముద్దాయికి వైట్‌హౌస్ మనుషులు నడిపే ఆపరేషన్‌లో ఉద్యోగం దొరికిందంటే, దాన్ని పొరపాటు అని నేను అనుకోలేను.

బోష్ 1988లో మయామీ చేరాడు. అతను ముప్ఫై ఏళ్లుగా ఉగ్రవాద హింసను వదలని మనిషి, దేశం నుంచి పంపేయాలి అని అమెరికా న్యాయశాఖే 1989లో రాసింది. అయినా 1990 జులైలో నిర్బంధం నుంచి బయటికి వచ్చాడు. అప్పటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు, ఆ పెద్ద బుషే. బోష్ కోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో మయామీ కాంగ్రెస్ సభ్యురాలు ఇలియానా రోస్-లెటినెన్ ఉంది, ఆమె ఎన్నికల ప్రచారం నడిపింది అధ్యక్షుడి కొడుకు జెబ్ బుష్. ఫ్లోరిడాలో క్యూబన్ ప్రవాసుల ఓట్లు ఎంత ముఖ్యమో 2000లో ఇంకో కొడుకు 537 ఓట్లతో ఆ రాష్ట్రాన్నీ దాంతో పాటు దేశాన్నీ గెలిచినప్పుడు లోకమంతా చూసింది.

పోసాడా ఊరుకోలేదు. 1997లో హవానా హోటళ్లలో వరసగా బాంబులు పేలాయి, సెప్టెంబర్‌లో ఒక ఇటలీ యువకుడు చనిపోయాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ ఆ బాంబుల వెనక తానున్నానని పోసాడా ఒప్పుకున్నాడు, ఆ కుర్రాడు ఉండకూడని సమయంలో ఉండకూడని చోట కూర్చున్నాడు, నేను పసిపిల్లాడిలా నిద్రపోతాను అన్నాడు. ఆ మాట తర్వాత మళ్లీ కాదన్నాడు, విమానం పేలుడుతో తనకు సంబంధం లేదనే చివరిదాకా చెప్పాడు. 2000లో కాస్ట్రోను చంపే పథకంతో పనామాలో పట్టుబడ్డాడు, శిక్ష పడింది, 2004 ఆగస్టులో అక్కడి అధ్యక్షురాలు పదవి దిగిపోతూ క్షమాభిక్ష పెట్టి వదిలేసింది. 2005లో మయామీలో తేలాడు.

అప్పటికి ప్రపంచం మారింది. 2001 సెప్టెంబర్ 11 రాత్రి చిన్న బుష్ టీవీలో చెప్పిన మాట అందరూ విన్నారు: దాడి చేసినవాళ్లకూ, వాళ్లకు ఆశ్రయం ఇచ్చినవాళ్లకూ తేడా చూడం. ఆ మాట మీదే అఫ్గానిస్తాన్ మీద బాంబులు పడ్డాయి. ఇప్పుడు వెనిజులా, 1922 నాటి అప్పగింత ఒప్పందాన్ని చూపించి, మా జైలు నుంచి పారిపోయిన ముద్దాయిని మాకివ్వండి అని అమెరికాను అడిగింది. 1971 నాటి మాంట్రియల్ ఒప్పందం ఇంకా స్పష్టంగా ఉంది. పౌర విమానాన్ని పేల్చిన కేసులో నిందితుడు నీ నేల మీద దొరికితే అప్పగించాలి, లేదంటే నువ్వే ఎలాంటి మినహాయింపూ లేకుండా విచారణకు పెట్టాలి. ఆ ఒప్పందంలో అమెరికా ఉంది.

అమెరికా ఈ రెండిట్లో ఒక్కటి కూడా చేయలేదు. వెనిజులా పంపితే అతన్ని హింసిస్తారని 2005లో ఇమ్మిగ్రేషన్ జడ్జి తేల్చాడు, దానికి సాక్ష్యం చెప్పింది పోసాడా స్నేహితుడూ ఒకప్పటి లాయరూ అయిన ఒకే ఒక్క మనిషి, ఎదురు సాక్షిని ప్రభుత్వం పిలవనే లేదు. ఇది ఎప్పటి మాట? ఇరాక్‌లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన అబూ గ్రాయిబ్ జైలు ఫొటోలు బయటికొచ్చిన మరుసటి ఏడాది. కెనడా పౌరుడు మాహెర్ అరార్‌ను న్యూయార్క్ విమానాశ్రయంలో పట్టుకుని సిరియాకు పంపి, అక్కడ చిత్రహింసలు పెట్టించిన మూడేళ్లకు. పోసాడా విషయంలో మాత్రం హింస భయం గుర్తొచ్చింది. 2006లో న్యాయశాఖ తన పత్రంలోనే అతన్ని పశ్చాత్తాపం లేని నేరస్తుడు, ఉగ్రవాద కుట్రల సూత్రధారి అని రాసి, కేసు మాత్రం ఇమ్మిగ్రేషన్ అధికారులకు అబద్ధం చెప్పాడని పెట్టింది. ఆ కేసు కూడా 2011 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఎల్ పాసో కోర్టులో ఓడిపోయింది. పదమూడు వారాల విచారణ, జ్యూరీకి కొన్ని గంటలే పట్టింది.

పక్కనే లాకర్‌బీ పెట్టి చూడండి. 1988 డిసెంబర్‌లో స్కాట్లండ్ మీద పాన్ యామ్ విమానం పేలి 270 మంది చనిపోయారు, ఇద్దరు లిబియా వాళ్ల మీద అభియోగం వచ్చింది. లిబియా ఇదే మాంట్రియల్ ఒప్పందం చూపించి, మా వాళ్లను మేమే విచారిస్తాం అంది, ఈ వాదనతో అంతర్జాతీయ న్యాయస్థానానికి కూడా వెళ్లింది. అమెరికా, బ్రిటన్ ఒప్పుకోలేదు. 1992 మార్చిలో భద్రతా మండలి చేత విమానాలు తిరగకుండా ఆంక్షలు పెట్టించాయి, ఇద్దర్నీ అప్పగించేదాకా, 1999 దాకా, ఆ దేశం మొత్తం నలిగింది. గడాఫీ ప్రభుత్వాన్ని నేను వెనకేసుకు రావడం లేదు, ఆ 270 ప్రాణాలకు న్యాయం కావాల్సిందే. కానీ ఒప్పందం ఒకటే, నేరం ఒకటే, లిబియా కంటికి సున్నం పెట్టినవాళ్లే తమ కంటికి వెన్న రాసుకున్నారు. బ్రిటన్ గానీ ఫ్రాన్స్ గానీ పోసాడాను అప్పగించమని అమెరికా మీద ఒత్తిడి తెచ్చిన దాఖలా లేదు, భద్రతా మండలిలో వీటో ఉన్న దేశం మీద ఆంక్షల ఊసెత్తేవాడే లేడు.

క్యూబా ప్రభుత్వం కూడా చేతులు కడిగేసుకునే స్థితిలో లేదు. 1996లో మయామీ ప్రవాసుల రెండు చిన్న విమానాలను కూల్చి నలుగుర్ని చంపింది, అది తప్పే. అయితే మయామీ ముఠాల్లోకి తన మనుషులను పంపి సేకరించిన సమాచారాన్ని 1998 జూన్‌లో హవానాకు పిలిపించి మరీ ఎఫ్‌బీఐ చేతిలో పెట్టింది. మూడు నెలలకు అరెస్టయినవాళ్లు బాంబుల ముఠా వాళ్లు కాదు, ఆ సమాచారం సేకరించిన క్యూబా ఏజెంట్లు. వాళ్లలో ఒకరికి రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి, చివరి ముగ్గురు ఇల్లు చేరింది 2014 డిసెంబర్‌లో.

మనకూ ఇందులో కొంత అనుభవం ఉంది. 26/11 ముంబై దాడులకు రెక్కీ చేసిన డేవిడ్ హెడ్లీ ఒకప్పుడు అమెరికా డ్రగ్స్ నిఘా సంస్థకు ఇన్ఫార్మర్. 2010లో నేరం ఒప్పుకుంటే ఇండియాకు పంపం అని అమెరికా అతనితో ఒప్పందం చేసుకుంది, మనం ఎంత అడిగినా మాట మార్చలేదు. అతనికి కనీసం శిక్షైనా పడింది, 35 ఏళ్లు, పోసాడాకు అది కూడా లేదు.

బోష్ 2011లో, పోసాడా 2018 మే 23న తొంభయ్యో ఏట, ఇద్దరూ మయామీ ప్రాంతంలోనే చనిపోయారు. వెనిజులా పెట్టిన అప్పగింత అర్జీ మీద అప్పటిదాకా అమెరికా కోర్టులో ఒక్క వాయిదా కూడా నడవలేదు. క్యూబాను మాత్రం అమెరికా 1982లో ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో చేర్చింది. 2015లో ఒబామా తీసేశాడు, 2021 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం దిగిపోయే ముందు మళ్లీ చేర్చింది, చెప్పిన కారణం కొలంబియా గెరిల్లా నాయకులకూ అమెరికా నుంచి పారిపోయిన నేరస్తులకూ క్యూబా ఆశ్రయం ఇస్తోందని. 2025 జనవరి 14న బైడెన్ తీసేస్తానని ప్రకటించాడు, ఆరు రోజులకే ట్రంప్ గద్దెనెక్కి మొదటి రోజే దాన్ని రద్దు చేశాడు. ఆ జాబితాలో ఉన్న దేశంతో డబ్బు లావాదేవీ అంటేనే బ్యాంకులు భయపడతాయి, దాంతో మందులూ ఆహారమూ కొనుక్కోవడం కూడా అక్కడి మామూలు జనానికి కష్టమవుతోంది. ఆ జనంలోనే క్యూబానా 455లో పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు కూడా ఉన్నాయి.