ఉపగ్రహం చూపే దారిలో విమానం దిగడం: భోగాపురం వేళ ఒక నేపథ్యం

విజయనగరం జిల్లా భోగాపురానికి విమానాశ్రయం రావడంతో, మబ్బు కమ్మిన రోజున విమానం రన్‌వేను దేని ఆధారంగా అందుకుంటుందన్న ప్రశ్న ఉత్తరాంధ్రకు సొంత విషయమైంది.

దశాబ్దాలుగా ఆ ఆధారం ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్), అంటే నేల మీది రేడియో సంకేతాలతో విమానాన్ని దించే ఏర్పాటు. రన్‌వే చివర వరుసగా నిలిపిన యాంటెన్నాలు విమానాన్ని మధ్యగీత మీద ఉంచుతాయి. చక్రాలు నేలను తాకే చోటికి పక్కనున్న స్తంభం దిగాల్సిన వాలును చూపుతుంది. జీపీఎస్‌కు రన్‌వే రన్‌వేకూ ఇంత సరంజామా అక్కర్లేదు. పౌరుల సంకేతంలో కావాలని కలిపిన లోపాన్ని అమెరికా 2000 మే నెలలో తొలగించింది. అయినా విమానం దిగడానికి సంకేతం అందడం ఒక్కటే చాలదు, అది తప్పుగా ఉంటే ఆ సంగతి పైలట్‌కు సెకన్లలో తెలియాలి.

ఆ భరోసా కోసమే ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి గగన్ వ్యవస్థను చేపట్టాయి. 2010 ఏప్రిల్‌లో దీనికోసం పంపిన జీశాట్-4 ఉపగ్రహం రాకెట్‌తోపాటే పోయినా, జీశాట్-8, జీశాట్-10లతో పని సాగింది. భువనేశ్వర్ సహా 15 నేల కేంద్రాలు జీపీఎస్ లోపాన్ని కొలుస్తుంటే, ఆ సవరణలు ఉపగ్రహం ద్వారా విమానానికి చేరతాయి. అసలు చిక్కు మన ఆకాశంలోనే ఉంది: భూఅయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతున్నందున, ఇక్కడి అయనావరణంలో (జీపీఎస్ సంకేతం దాటి రావాల్సిన, విద్యుదావేశ కణాలున్న పై వాతావరణ పొరలో) ఎలక్ట్రాన్ల సాంద్రత చోటుచోటుకీ మారుతుంది, పొద్దుగూకాక సంకేతాలు మిణుకుతాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పరిశోధించింది దీన్నే. ఇస్రో ఈ ప్రాంతానికి తగిన నమూనాను ప్రత్యేకంగా రూపొందించాకే, ఎత్తు విషయంలోనూ దారి చూపడానికి గగన్‌కు 2015లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం లభించింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది.

అయితే ఎవరైనా దొంగ సంకేతాన్ని ఒక విమానాశ్రయం చుట్టూ ప్రసారం చేస్తే, ఎక్కడో దూరాన ఉన్న నేల కేంద్రానికి దాని జాడ తెలియదు. ఢిల్లీలో పదో నంబరు రన్‌వేకు జీపీఎస్ ఆధారంగా వస్తున్న కొన్ని విమానాలు ఇలాంటి స్పూఫింగ్‌ను ఎదుర్కొన్నాయని, శ్రీకాకుళం ఎంపీ అయిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడు 2025 డిసెంబరులో రాజ్యసభకు తెలిపారు. నేల మీది పాత సాధనాలను కనీస స్థాయిలో కొనసాగిస్తున్నామని కూడా చెప్పారు.

ఈ రెండో మాటే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. తుపాన్ల తీరాన కట్టిన భోగాపురానికి గగన్ ఎంత అవసరమో, క్రమం తప్పక తనిఖీ చేసే ఐఎల్ఎస్ కూడా అంతే అవసరం. జీపీఎస్ దారి మీదే ఆధారపడిన ఎస్టోనియాలోని టార్టూ విమానాశ్రయానికి, జామింగ్ (సంకేతాలు అందకుండా అడ్డుకోవడం) కారణంగా 2024లో ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ నెల రోజులు సర్వీసులు ఆపేసి, జీపీఎస్ అక్కర్లేని దారి సిద్ధమయ్యాకే తిరిగి మొదలుపెట్టింది.