సౌండ్ కార్డ్ కొనాలా, మదర్‌బోర్డుదే చాలా? అపోహలు - వాస్తవాలు

ఇంట్లో కంప్యూటర్‌కి సౌండ్ బాగా రావట్లేదు అనగానే చాలామంది అడిగేది ఒకటే: "మంచి సౌండ్ కార్డ్ ఏదైనా చెప్పండి." సౌండ్ కార్డ్ అంటే కంప్యూటర్‌లోని డిజిటల్ సిగ్నల్‌ని సౌండ్‌గా, మైక్ సౌండ్‌ని డిజిటల్‌గా మార్చే పరికరం; ఇదే పని చేసే చిప్ మదర్‌బోర్డు మీద కూడా ఉంటుంది. రికార్డింగ్ సెటప్‌లు పెట్టడం, సౌండ్ సమస్యలు సరిచేయడం నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. వెంటనే పేరు చెప్పను. దేనితో వింటున్నారు, ఏ జాక్‌లో పెట్టారు, మైక్ వాడతారా, వాడితే ఏ రకం అని ముందు అడుగుతాను. ఆ జవాబులు విన్నాక చాలాసార్లు కార్డ్ అవసరమే లేదని తేలిపోతుంది. కొన్నిసార్లు మాత్రం ఎంత ఖరీదైన మదర్‌బోర్డు ఉన్నా ఆ పని దానివల్ల కాదు. నా అనుభవంలో వినడానికి చాలామందికి బోర్డు మీదున్నదే సరిపోతుంది, రికార్డింగ్‌కి మాత్రం బయటిది కావాలి. ఈ సంగతి ముందే తెలిస్తే చాలామందికి డబ్బు మిగిలేది.

అపోహ: మదర్‌బోర్డు మీదుండే సౌండ్ నాసిరకం, పాటలు వినడానికి పనికిరాదు.

వాస్తవం: ఒకప్పుడు ఇందులో నిజముంది. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ 97 అనే ఆడియో ప్రమాణంతో వచ్చిన చాలా బోర్డుల్లో పాట ఆపితే వెనక సర్రుమనే శబ్దం స్పష్టంగా వినపడేది. ఆ అనుభవం ఉన్నవాళ్లు చెప్పిన మాటే ఇప్పటికీ తిరుగుతోంది. 2004లో దాని స్థానంలో హెచ్‌డీ ఆడియో వచ్చింది. చిప్‌లు కూడా చాలా మెరుగయ్యాయి. ఉదాహరణకి రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్‌కి కంపెనీ చెప్పే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (వెనకటి సర్రు శబ్దం కంటే అసలు సౌండ్ ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకె) 120 డెసిబెల్స్. బోర్డు మీద పెట్టాక చుట్టూ ఉండే విద్యుత్ అలజడి వల్ల అంత రాదు, కొంత తగ్గుతుంది. తగ్గినా ఇబ్బంది లేదు. సీడీలో ఉండే 16-బిట్ ఆడియో మొత్తం పరిధే సుమారు 96 డెసిబెల్స్. మామూలు గదిలో మామూలు స్పీకర్లతో వినేవారికి అంత కూడా వినపడదు, కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడే అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది.

"కొత్త కార్డ్ పెట్టగానే తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. రెండు పరికరాల్లో కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. బయటి కార్డ్‌లు సాధారణంగా గట్టిగానే మోగుతాయి. నిజంగా పోల్చాలంటే హెడ్‌ఫోన్లు తగిలించి ఉంచి, 100 హెర్ట్జ్ దగ్గరి టోన్ ప్లే చేసి, రెండు పరికరాల నుంచి వచ్చే ఏసీ వోల్టేజీని మల్టీమీటర్‌తో చూసి సమానం చేయండి. ఇంకా పై ఫ్రీక్వెన్సీలు వద్దు, చౌక మీటర్లు అక్కడ సరిగ్గా చూపవు. తర్వాత ఏది మోగుతోందో మీకు చెప్పకుండా ఇంకొకరిని మార్చమని వినండి. అప్పటికీ ప్రతిసారీ సరిగ్గా గుర్తుపట్టగలిగితే నిక్షేపంగా కొనుక్కోండి.

అపోహ: మంచి సౌండ్ కార్డ్ పెడితే ఏ హెడ్‌సెట్ అయినా బాగా పలుకుతుంది.

వాస్తవం: మీది యూఎస్‌బీ హెడ్‌సెట్ అయితే దాని వైర్‌లోనో, ఇయర్‌కప్‌లోనో దాని సొంత సౌండ్ కార్డ్ ఉంటుంది. డిజిటల్ సిగ్నల్ నేరుగా అక్కడికి వెళ్లి, అక్కడే సౌండ్‌గా మారుతుంది. మీరు కొన్న కొత్త కార్డ్ ఆ దారిలోనే ఉండదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లకీ ఇదే వర్తిస్తుంది. హెచ్‌డీఎంఐ ద్వారా మానిటర్ స్పీకర్లలోనో టీవీలోనో వింటున్నా అంతే, అక్కడ సౌండ్ పంపేది గ్రాఫిక్స్ విభాగం, మార్చేది ఆ మానిటర్. యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్ లోపల ఖరీదైన కార్డ్ బిగించుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆ కార్డ్ పని చేయకుండా ఊరికే కూర్చుని ఉంటుంది. కొనే ముందు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర ఏ పేరు ఉందో చూడండి, సౌండ్ ఎటు వెళ్తోందో అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: హెడ్‌ఫోన్‌లో గుయ్యిమనే మోత వస్తోందంటే సౌండ్ చిప్ పాడైనట్టే, బయటి కార్డ్ కొంటే పోతుంది.

వాస్తవం: ఈ విషయంలో కాస్త ఓపిగ్గా వెతకాలి. ముందు మోత ఎలాంటిదో వినండి. మౌస్ కదిపినప్పుడు సన్నగా కీచుమని, గేమ్ మొదలెట్టగానే గొంతు మారుతోందంటే అది కంప్యూటర్ లోపలి విద్యుత్ అలజడి. క్యాబినెట్ ముందు ఉండే జాక్‌కి సౌండ్, మదర్‌బోర్డు అంచు నుంచి ఒక సన్నని కేబుల్ ద్వారా వస్తుంది. ఆ కేబుల్ చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డ్‌కి ఆనుకునే పోతుంది. అదే హెడ్‌ఫోన్‌ని వెనక ఉన్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూడండి. చాలామందికి మోత అక్కడే పోతుంది, పైసా ఖర్చు ఉండదు. వెనక కూడా వస్తోందంటే అప్పుడు బయటి యూఎస్‌బీ కార్డ్ నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే పని ఆ అలజడికి దూరంగా జరుగుతుంది.

మోత మౌస్‌తో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో, లోతుగా మోగుతోందా? స్పీకర్లకీ కంప్యూటర్‌కీ వేర్వేరు ప్లగ్‌ల నుంచి కరెంటు వస్తోందా? అయితే అది గ్రౌండ్ లూప్ కావచ్చు. ఈ రెండు పరికరాల ఎర్త్‌లు ఆడియో కేబుల్ ద్వారా కూడా కలిసి, ఒక చుట్టులా ఏర్పడి, కరెంటు సరఫరా ఫ్రీక్వెన్సీ అయిన 50 లేదా 60 హెర్ట్జ్, దాని గుణిజాలు సౌండ్‌లోకి చొరబడతాయి. దీనికి యూఎస్‌బీ కార్డ్ కొన్నా పోతుందన్న గ్యారంటీ లేదు, యూఎస్‌బీ కేబుల్‌లోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కదా. ముందు రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే కారణం దొరికినట్టే. పూర్తిగా తప్పించాలంటే ఆప్టికల్ కేబుల్ మంచిది. అందులో వెళ్లేది వెలుగు కాబట్టి విద్యుత్ సంబంధమే ఉండదు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: మోత పోతుందని ఎవరైనా చెప్పినా సరే, ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయకండి, కత్తిరించకండి. అది ప్రాణాలు కాపాడే తీగ.

అపోహ: మంచి మైక్ కొన్నాను, గులాబీ రంగు జాక్‌లో పెడితే స్టూడియో క్వాలిటీ వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది ఇక్కడే. మైక్‌కి పెట్టిన డబ్బంతా ఈ జాక్ దగ్గర పోతుంది.

బోర్డు మీది మైక్ జాక్‌ని చిన్న ఎలక్ట్రెట్ మైక్‌ల కోసం, అంటే హెడ్‌సెట్లలో, కాలర్‌కి పెట్టుకునేవాటిలో ఉండే రకం కోసం తయారుచేశారు. వాటికి కావాల్సిన కొద్దిపాటి వోల్టేజీని అదే ఇస్తుంది. పాటలు పాడేవాళ్లు వాడే డైనమిక్ మైక్‌ల సిగ్నల్ చాలా బలహీనం. అందరికీ తెలిసిన ష్యూర్ ఎస్‌ఎం58 తీసుకోండి, 94 డెసిబెల్స్ సౌండ్‌కి అది ఇచ్చేది 2 మిల్లీవోల్టుల లోపే. దాన్ని వాడుకోగల స్థాయికి తేవాలంటే చాలా పెంచాలి. అప్పుడు మనం విండోస్‌లోకి వెళ్లి "మైక్రోఫోన్ బూస్ట్" 30 డెసిబెల్స్‌కి పెడతాం. గొంతుతో పాటు సర్రుమనే శబ్దమూ అంతే పెరుగుతుంది. ఇక స్టూడియో కండెన్సర్ మైక్‌లకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ ద్వారానే అందే కరెంటు) కావాలి. కంప్యూటర్‌లోని ఏ 3.5 ఎంఎం జాక్ నుంచీ అది రాదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. మైక్ పెట్టి, మామూలుగా మాట్లాడినప్పుడు గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే స్థాయి) సర్దండి. ఇక ఆ గెయిన్ ముట్టుకోకుండా, గదిలో అన్నీ ఆపి, నోరు మెదపకుండా కాసేపు రికార్డ్ చేయండి. ఆ నిశ్శబ్దం మైనస్ 60 కంటే బాగా కిందే ఉంటే మీ సెటప్ మాటలకు చాలు. మైనస్ 40 దగ్గర ఆడుతోందంటే వినేవాళ్లకు సర్రుమనే శబ్దం తెలుస్తుంది, తర్వాత నాయిస్ రిడక్షన్ వేస్తే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. ఇలాంటి సందర్భంలో నేను ఏ సంకోచం లేకుండా బయటి ఆడియో ఇంటర్‌ఫేస్ (రికార్డింగ్ కోసం చేసిన బయటి సౌండ్ కార్డ్) తీసుకోమంటాను. అందులో ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ (స్టూడియో మైక్‌లకి వాడే మూడు పిన్నుల సాకెట్), మైక్ సిగ్నల్‌ని పెంచే సరైన ప్రీ యాంప్, ఫాంటమ్ పవర్ ఉంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ బ్యాలెన్స్‌డ్ (ఒకే సిగ్నల్‌ని రెండు తీగల్లో, ఒకదాంట్లో తిరగేసి పంపేది) కాబట్టి దారిలో కలిసే మోతని కూడా చాలావరకు వదిలించుకుంటుంది.

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలనుకునేవాళ్లకీ ఇదే మాట. డెస్క్‌టాప్ వెనక నీలం రంగు లైన్-ఇన్ జాక్ ఉంటే టేప్ డెక్ దానికి పెట్టుకోవచ్చు, బాగానే వస్తుంది. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఆ జాక్ ఉండదు, ఉన్న మైక్ జాక్ చాలావాటిలో మోనో. దానికి టేప్ డెక్ పెడితే స్టీరియో పోతుంది, సౌండ్ చీదరగా పగిలిపోతుంది. లైన్-ఇన్ ఉన్న యూఎస్‌బీ కార్డ్ తప్పదు. ఇంట్లోవాళ్ల గొంతులు ఆ టేపుల్లో ఉంటే మరీ జాగ్రత్త, టేపు రోజురోజుకీ అరుగుతుంది, మొదటిసారే సరిగ్గా ఎక్కించండి.

అపోహ: 192 కిలోహెర్ట్జ్, 32-బిట్ అని డబ్బా మీద ఉంటే అదే మేలైనది.

వాస్తవం: మనిషి చెవి వినేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా. సీడీకి వాడే 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకి 44,100 సార్లు సౌండ్‌ని కొలవడం) 22 కిలోహెర్ట్జ్ వరకు పట్టుకుంటుంది. హెచ్‌డీ ఆడియో ప్రమాణంలోనే 192 కిలోహెర్ట్జ్, 32-బిట్ ఉన్నాయి కాబట్టి ఈ అంకెలు చూసి బయటిది కొనడంలో అర్థం లేదు. రికార్డింగ్‌లో మాత్రం 24-బిట్ పెట్టుకోండి, గెయిన్ కాస్త తక్కువగా ఉంచినా తర్వాత పెంచుకునే వీలుంటుంది.

అపోహ: ఓమ్స్ ఎక్కువున్న హెడ్‌ఫోన్లకు సౌండ్ కార్డ్ తప్పనిసరి, తక్కువున్నవాటికి అక్కర్లేదు.

వాస్తవం: సగం నిజం. ఓమ్స్ అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి పెట్టే అడ్డు, దీన్నే ఇంపెడెన్స్ అంటారు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్స్ హెడ్‌ఫోన్లకు ఎక్కువ వోల్టేజీ కావాలి, కొన్ని బోర్డుల మీద వాల్యూమ్ చాలదు. కానీ ఓమ్స్‌తో పాటు సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా చూడాలి. ఓమ్స్ తక్కువే ఉన్నా సెన్సిటివిటీ తక్కువైన ప్లేనార్ రకం హెడ్‌ఫోన్లు కరెంటు బాగా తింటాయి. ఇంకోటి, కొన్ని బోర్డుల జాక్‌కే సొంతంగా 75 ఓమ్స్ వరకు ఇంపెడెన్స్ ఉంటుంది. అలాంటిదానికి 16 లేదా 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్ పెడితే వాల్యూమ్ బాగానే ఉంటుంది గానీ సౌండ్ తీరు మారిపోవచ్చు, ఒక్కోసారి బేస్ ఉబ్బినట్టు వినపడుతుంది. జాక్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా ఉంటే టెన్షన్ లేదు. దీనికి పెద్ద కార్డ్ అక్కర్లేదు, ఫోన్లకు వాడే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: విడిగా సౌండ్ కార్డ్ ఉంటే గేమ్‌లు వేగంగా నడుస్తాయి.

వాస్తవం: విండోస్ ఎక్స్‌పీ కాలం మాట. విస్టాతో మైక్రోసాఫ్ట్ ఆడియో విధానాన్నే మార్చేసింది, గేమ్ సౌండ్ లెక్కలు ప్రాసెసర్ మీదకి వచ్చాయి. ఇప్పటి ప్రాసెసర్లకి అదొక బరువే కాదు.

అపోహ: బయటి కార్డ్ యూఎస్‌బీ మీద నడుస్తుంది కాబట్టి సౌండ్ ఆలస్యంగా వస్తుంది.

వాస్తవం: ఆలస్యాన్ని ఎక్కువగా నిర్ణయించేది బఫర్ (సౌండ్‌ని కాసేపు దాచి ఉంచే మెమరీ), డ్రైవర్ (కార్డ్‌ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్). 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 దాటుతుంది. తయారీ సంస్థ సొంత ఏఎస్‌ఐఓ (ఆలస్యం తగ్గించే రకం) డ్రైవర్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌లో చిన్న బఫర్ నిలకడగా నడుస్తుంది. బోర్డు సౌండ్‌కి మామూలు విండోస్ దారిలో అంత తక్కువ రావడం కష్టం. పాడుతూ మీ గొంతు మీరే వినాలంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉందో లేదో చూసి కొనండి. అది నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండానే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది.

అపోహ: పాట మధ్యలో టప్ టప్ మంటోంది, కార్డ్ మారిస్తే ఆగిపోతుంది.

వాస్తవం: ఆగవచ్చు, ఆగకపోవచ్చు. ఈ శబ్దాలకు తరచూ కారణం వేరే డ్రైవర్లు. వైఫైదో, గ్రాఫిక్స్‌దో ప్రాసెసర్‌ని కాసేపు పట్టుకుని వదలకపోతే ఆడియో బఫర్ ఖాళీ అయి సౌండ్ తెగుతుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని కాసేపు నడిపితే ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ముందు ఆ డ్రైవర్‌ని అప్‌డేట్ చేయండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. యూఎస్‌బీ కార్డ్ వాడుతుంటే హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్ట్‌కి పెట్టండి, బఫర్‌ని ఒక మెట్టు పెంచండి. ఇవన్నీ చేశాక కూడా టప్ టప్ వస్తుంటే అప్పుడు కార్డ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా వస్తేనే తప్పు కార్డ్‌ది.